శ్రమల దినాల్లో జిన్నియాలు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. కళావతి నోరు జారింది కూతురి నిశ్చితార్థం రోజున, అదీ నలుగురి ముందు, వియ్యపురాలికి బగారన్నం వడ్డిస్తూ.

పాపం, వియ్యపురాలు విమలాదేవి మంచికే అంది. "వదినా, బొకే ఫికర్ మీరు పెట్టుకోకున్రి. సికింద్రాబాద్‌ల మాకు తెలిసిన షాపుంది. గులాబీలది పెద్దది చేపిస్తం" అంది. ఆ మాటలో వంక పెట్టడానికేమీ లేదు. సరే వదినా అంటే సరిపోయేది. కళావతి మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "వద్దు వదినా. బొకే మా ఇంటి పూలదే. విత్తనమేసి నేనే పెంచుత" అనేసింది.

అన్నాక తనే ఉలిక్కిపడింది. ఆ పూటకి ఆ ఇంట్లో ఉన్న మొక్కలు రెండు. పెయింటు డబ్బాలో కరివేపాకు, పగిలిన బకెట్లో పుదీనా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. మొగుడు డానియేలు నోటి దాకా తెచ్చిన ముద్ద ఆపి పెళ్లాం వైపు చూశాడు. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర రైలు పట్టాలు సరిచూసే ఉద్యోగం అతనిది. ఎక్కడ లైను తప్పిందో అతనికి ఇట్టే తెలుస్తుంది.

ఎందుకన్నావే అని ఆ సాయంత్రం అతను అడిగితే కళావతి గిన్నెలు తోముకుంటూ పోయింది. చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. వాళ్ల పెళ్లి ఫోటోలో అందరూ ఉన్నారు. పెళ్లి చేసిన పాస్టరు అయ్యగారున్నారు, కేకుంది, అరువు తెచ్చిన కోటుతో డానియేలున్నాడు. బొకే ఒక్కటే లేదు. ఆ లోటు ఇన్నేళ్లూ ఆవిడ ఎవరితోనూ అనలేదు. అలా దాచుకున్నదే ఆ రోజు వియ్యపురాలి ముందు బయటపడిపోయింది.

పెదవి దాటితే పృథివి దాటుతుంది. వారం తిరక్కుండా చర్చిలో ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. డానియేలుని వెంటబెట్టుకుని మోజంజాహీ మార్కెట్ వైపు వెళ్లి, విత్తనాల దుకాణంలో జిన్నియా ప్యాకెట్లు కొనుక్కొచ్చింది. "ధూప్ జిత్నీ దేవో అమ్మా, ఉత్నే ఫూల్" అన్నాడు దుకాణదారు, ఎంత ఎండిస్తే అన్ని పూలని. ఎండ సంగతైతే ఫికర్ లేదు. ఫలక్‌నుమా మిద్దెల మీద ఇంకేం దొరక్కపోయినా ఎండ దొరుకుతుంది.

చేపల మార్కెట్లో పారేసిన థర్మాకోల్ పెట్టెలు కడిగి, అడుగున కన్నాలు పొడిచి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి నింపింది. విత్తనాలు చూస్తే పొట్టులా ఉన్నాయి. ఇవి మొలుస్తాయా అనుకుంది. మొలిచాయి. ఒక ఉదయం మట్టి నిండా జతజతలుగా పచ్చటి ఆకులు కనబడేసరికి కళావతి మిద్దె మీదే మోకాళ్లేసి స్తోత్రం చెప్పుకుంది. మొక్కలు మోకాలెత్తు లేచాయి. ప్యాకెట్ మీద బొమ్మలో పూలకి మూరెడు కాడలున్నాయి. బొకేకి కావలసింది అదే.

అప్పుడు డానియేలు మంచం తెచ్చాడు.

పెళ్లికి చుట్టాలొస్తారని, ఇనప మంచానికి రంగు వేద్దామని ఒక్కడే దాన్ని తలమీద పెట్టుకుని మిద్దెక్కాడు. తిరగబోయేసరికి మంచం కోడు తగిలి చివరి పెట్టెలో నాలుగు మొక్కలు నడుముకి విరిగి పడ్డాయి. కళావతి పరుగెత్తుకొచ్చింది.

"ఎంత పెద్ద రైలొచ్చినా పట్టాలు కనవడ్తయి నీకు. గీ మొక్కలు కనవడలేదా?"

"కోడు తగిలిందే. నేను తగల్లే."

"మంచం దానంతటది నడుచుకుంట వచ్చిందా?"

రెండు రోజులు అతనికి పోపు లేని పప్పే పెట్టింది. ఆ మొండేలున్న పెట్టెని పారేయమని చెప్పింది. అతను సరేనని తీసుకెళ్లాడు గానీ పారేయలేదు. నీళ్ల ట్యాంకు వెనక పెట్టి, తను స్నానం చేశాక మిగిలిన నీళ్లు చెంబుతో పోస్తూ వచ్చాడు. తప్పు చేసినవాడు చేసే పూజ అలాగే ఉంటుంది, చాటుగా.

పెళ్లి ఈస్టర్ తర్వాత వచ్చే బుధవారానికి పెట్టారు. దానికి ముందు పెట్టడానికి వీల్లేదు. ఈస్టర్ ముందు నలభై రోజులూ శ్రమల దినాలు, ప్రభువు పడిన బాధలు తలుచుకునే ఉపవాస కాలం. ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు, చర్చిలో ఆల్టర్ బల్ల మీద పూలుండవు. కళావతి తల్లి ఇంకో ఆకు ఎక్కువే చదివింది. ఆ నలభై రోజులూ తలలో పువ్వు పెట్టేది కాదు, ఇంట్లో పువ్వు కోయనిచ్చేది కాదు. "ప్రభువు నెత్తిన ముండ్లు పెట్టుకున్న దినాలల్ల మనకు పూలు గావాల్నా?" అనేది. ఆవిడ పోయి చాలాకాలమైనా ఆ మాట పోలేదు.

జిన్నియాలకి ఈ సంగతులేవీ తెలియవు కదా. సరిగ్గా శ్రమల దినాలు మొదలయ్యాక మొదటి పువ్వు విచ్చింది. గులాబీ రంగుది, మిద్దె మీద ఒంటరిగా. కూతురు భాగ్యశ్రీ డ్యూటీ నుంచి వచ్చి, నర్సు యూనిఫాం కూడా మార్చకుండా మిద్దెక్కి దాన్ని ఫోటో తీసి కాబోయే అత్తగారికి పంపింది. తర్వాత నారింజవి, ఎర్రవి, తెల్లవి వరసగా పూశాయి. కళావతి ఒక్కటీ కోయలేదు. అమ్మ మాట ఒకటి. రెండోది, పెళ్లికి దాస్తున్నాననే అనుకుంటోంది పిచ్చి తల్లి. పువ్వేమైనా బ్యాంకులో సొమ్మా, దాస్తే ఉండడానికి?

వాళ్ల మిద్దెనానుకునే సూర్యప్రభ వాళ్ల మిద్దె. మధ్యలో నడుమెత్తు పిట్టగోడ. సూర్యప్రభ భర్త విఠల్‌రావు వీధి చివరి వేంకటేశ్వరుడి గుడిలో అర్చకుడు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ తెల్లారగట్ల పూలు కోయని రోజు లేదు. ఆ చెయ్యి పూలని చూస్తే ఊరుకోదు. ఒకరోజు ఉతికిన చీర ఆరేస్తూ పిట్టగోడ మీంచి తొంగి చూసింది.

"కళావతీ, పూలు చెట్టుకే ముసలివైతున్నయి గదనే. కొయ్యవేంది?"

"శ్రమల దినాలక్కా."

"మీ దేవుడు వద్దన్నడా?"

"దేవుడు అనలే. మా అమ్మ వద్దన్నది."

సూర్యప్రభ తల ఊపింది. "దేవునికైతే నచ్చజెప్పొచ్చు. అమ్మకు చెప్పుడే కష్టం. కానీ సూడు, నడుమల నల్లగైతున్నయి. గింజ కట్టినంక చెట్టు ఇగ పుయ్యది. దాని పనైపోయింది అనుకుంటది. కోస్తనే మళ్ల పూస్తది."

అంటూనే చెయ్యి చాపి ఆరు పూలు తుంచేసింది. మెడ దగ్గర, గోటితో, టిక్కుమని. రోజూ దేవుడికి కోసే చెయ్యి, కాడతో దానికి పనేముంది? బుట్టలో పడితే చాలు. కళావతికి మాత్రం తన చెవి పట్టి మెలేసినట్టయింది. "అక్కా!" అని అరిచింది. సూర్యప్రభ నాలుక్కరుచుకుని, ఆ పూలు తనే ఉంచుకుంది.

ఆవిడ చెప్పినమాట నిజమే అయింది. తుంచినచోట వారంలో కొత్త మొగ్గలొచ్చాయి. కానీ అవి వచ్చింది ఆ మెడ కిందే. వేలెడు కాడలు. ఇద్దరూ పిట్టగోడకి అటూ ఇటూ నిలబడి చూశారు.

"దండకైతే మస్తు పనికొస్తయి" అంది సూర్యప్రభ, సన్నగా.

"పెండ్లిపిల్ల దండ పట్టుకోని నడుస్తదా అక్కా?"

"నా బతుకంతా పూలతోనే పాయె. కాడ ఎంతున్నదని ఏనాడు సూడలే" అని ఆవిడ నవ్వింది. కళావతికి నవ్వు రాలేదు. చెట్ల నిండా ముసలి పూలు, తుంచినచోట పొట్టి మొగ్గలు, ఇంకో నెల తిరక్కుండా పెళ్లి. వియ్యపురాలి ముందు తలెత్తుకోవడం అటుంచి, కూతురి చేతిలో ఏం పెట్టాలి? ఆ దిగులుతో కిందికి దిగబోతూ, చెంబు కోసం ట్యాంకు వెనక్కి వెళ్లింది.

అక్కడ నాలుగు మొక్కలున్నాయి. ఒక్కోదానికి రెండేసి కొమ్మలు, మూరెడు పొడుగున, నిటారుగా. కొసన ఒక్కో మొగ్గ.

"ఓ అయ్యా!" అని కేకేసింది. "ఎవరివివి?"

డానియేలు పైకొచ్చి తల గోక్కున్నాడు. "గవే. మంచం తగిలినయి. నువ్వు పారెయ్యమన్నవ్, నాకు మనసొప్పలే."

కళావతి వంగి చూసింది. కోడు తగిలి విరిగినచోట రెండు ఆకులున్నాయి. ఒక్కో ఆకు చంకలోంచి ఒక్కో కొమ్మ లేచింది. కింద విరిగింది కాబట్టి, పైకి ఎదగడానికి దానికి బోలెడు చోటుంది. సూర్యప్రభని పిలిచింది. ఆవిడ ఈసారి పిట్టగోడ దాటే వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని.

"నేను కొయ్యనే కొయ్యలే. నువ్వు మెడకాడ కోసినవ్" అంది కళావతి. "కిందికి కొయ్యాలెనక్కా. నడుముకు. మంచం కోడుకున్న తెలివి మనిద్దరికి లేకపాయె."

తెలియడం వరకూ బాగానే ఉంది. చేయడం దగ్గరే చిక్కొచ్చింది. నడుముకి కోయాలంటే పూలతో పాటు చెట్టు మీదున్న మొగ్గలన్నీ పోతాయి. మళ్లీ చిగిర్చి, కొమ్మలేసి, మొగ్గ తొడిగి, పూయాలి. పెళ్లి లోపు పూస్తే మూరెడు కాడల బొకే. పూయకపోతే వట్టి మొండేలు. కోయకుండా ఊరుకుంటే వేలెడు పూలైనా మిగులుతాయి. అయ్యగారికి ఫోన్ చేసింది. "ఆల్టర్ మీద వద్దన్నం గానీ నీ మిద్దె మీద కాదుగదనమ్మా" అని ఆయన నవ్వేశారు. అయ్యగారు నవ్వినంత తేలిగ్గా అమ్మ నవ్వదు.

మర్నాడు పొద్దున్నే కత్తెర పట్టుకుని మిద్దె మీద నిలబడింది. ఎదురుగా ఎవరూ లేరు. అయినా గట్టిగానే మాట్లాడింది.

"అమ్మా, నీ మాట తీసేస్తలేను. నీ మనుమరాలి పెండ్లి. కోస్తున్న. తలల పెట్టుకోను, ఇంట్ల పెట్టుకోను."

కోసింది. మొదటి మొక్కకి కత్తెర రెండుసార్లు పెట్టి తీసింది. పదో మొక్కకి ఏడుపొచ్చింది. చివరికొచ్చేసరికి బకెట్ నిండిపోయింది. ట్యాంకు వెనకవి కూడా పెళ్లి దాకా ఆగవని కోసేసింది. పెట్టెల్లో పచ్చటి మొండేలు మిగిలాయి. ఇన్ని రోజులూ దాచుకున్న పూలు ఇంత అందంగా ఉన్నాయా అనిపించింది, కోశాక.

ఇప్పుడీ పూలేం చెయ్యాలి? ఇంట్లో పెట్టనని మాటిచ్చేసింది. సూర్యప్రభ వాసన చూసి పెదవి విరిచింది. "వాసన లేని పూలు మా స్వామికి పెట్టం. ఏమనుకోకు, మా ఇంట్ల ఆచారం." డానియేలు బకెట్ ఎత్తుకున్నాడు. "నా డ్యూటీకి తీస్కపోత" అన్నాడు. సాయంత్రం ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చి మంచం మీద కూర్చుని రిపోర్టిచ్చాడు.

"టికెట్ కిటికీల రెండు పెట్టిన. చాయ్ దుకాణపాయన గ్లాసుల పెట్టి, గిరాకీలకు చాయ్ దేంట్ల పొయ్యాల్నో తెల్వక పరేషానైండు. బార్కస్ బస్తీ ముసలమ్మ ఒకామె రైలు దిగి మూడు తీస్కోని, 'కిస్ దుకాన్ కే?' అని అడిగింది. మా పెండ్లాం దుకాణంవి అన్న. ఇంకోటి సూడు. మెడ గట్టిగున్నయి గిప్పటిదాకా నిలబడ్డయి. మెడ మెత్తగున్నయి పొద్దుగూకేసరికి తలకాయలేలాడేసినయి."

ఆ నలభై రోజుల్లో కళావతి మొదటిసారి పగలబడి నవ్వింది. మెడ సంగతి మాత్రం గుర్తుపెట్టుకుంది.

భాగ్యశ్రీ ఆ రాత్రి మిద్దెక్కి మొండేలు చూసింది. మెల్లగా, "అమ్మా, షాపులనే చెప్పేద్దాం లే. నేనేమనుకోను" అంది. ఏమనుకోను అన్న ఆ మాటే కళావతిని కోసేసింది.

"జర ఆగు బిడ్డా" అంది. ఇంకేమనగలదు?

ఆగారు. ఎండలు ముదిరాయి. మున్సిపాలిటీ నల్లానీళ్లు రోజు విడిచి రోజు వస్తుంటే, రాని రోజున కళావతి బియ్యం కడిగిన నీళ్లు కూడా మిద్దెక్కించింది. ఆకు చంకల్లో నూగు నూగుగా చిగుళ్లు లేచాయి. చిగుళ్లు కొమ్మలయ్యాయి. ఈస్టర్‌కి వారం ముందు, మట్టలాదివారం నాడు చర్చి నుంచి వచ్చేసరికి కొసన మొగ్గలు కనబడ్డాయి. పచ్చగా, గట్టిగా, పిడికిలి బిగించుకుని ఉన్నాయి. ఆ వారమంతా అలాగే ఉన్నాయి. కళావతి రోజుకి ఎన్నిసార్లు పైకెక్కిందో ఆవిడ మోకాళ్లకే తెలుసు.

ఈస్టర్ ముందు శనివారం విమలాదేవి ఫోన్ చేసింది.

"వదినా, షాపాయన ఇయ్యాలనే చెప్పాలంటున్నడు. రేపైతే కాదంట. చెప్పాల్నా?"

కళావతి అప్పుడు మిద్దె మీదే ఉంది. చుట్టూ అన్నీ పచ్చటి మొగ్గలు. ఒక్కదానిలోనూ రంగు లేదు.

"చెప్పకు వదినా" అంది. ఫోన్ పెట్టాక పిట్టగోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఎంత పని చేశానురా దేవుడా అనుకుంది. తన పంతం కోసం పిల్ల చేతులు ఖాళీగా పెడుతున్నానా అని భయపడింది.

ఈస్టర్ నాడు తెల్లవారుజాము ఆరాధన. ఆల్టర్ నిండా మళ్లీ పూలొచ్చాయి. కళావతి పాటలు పాడిందే గానీ మనసంతా మిద్దె మీదే ఉంది. ఇంటికొచ్చి, కొత్త చీరతోనే మెట్లెక్కింది. పడమటి వైపు పెట్టెలో ఒక మొగ్గ కొస చిట్లింది. లోపల సన్నగా ఎర్రగా ఉంది. పక్కదానిలో నారింజ. వెతికిన కొద్దీ కనబడ్డాయి. "డానియేలూ!" అని మొగుణ్ని పేరు పెట్టి పిలిచేసింది. పెళ్లయ్యాక అదే మొదలు. అతను కూడా పట్టించుకోలేదు, రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

బుధవారం సూర్యుడు రాకముందే కళావతి, సూర్యప్రభ మిద్దె మీదున్నారు. కాడ పట్టుకుని ఊపితే మెడ కదలని పూలే కోశారు. నడుముకి. కోసినవి కోసినట్టు బకెట్ నీళ్లలో నిలబెట్టారు. కట్టడం సూర్యప్రభ వంతు. మాలలు కట్టిన వేళ్లవి, ముడి వేస్తే జారదు. అరటినార తడిపి చుట్టి, చుట్టూ కరివేపాకు రెమ్మలు పెట్టింది. "వాసన లేదన్నం గదా, గిప్పుడొస్తది" అంది. ఎర్రవి, నారింజవి, తెల్లవి, ఒక్కొక్కటి కమలాపండంత. రెండు చేతులూ పడితే గానీ ఆగదు. భాగ్యశ్రీ తెల్లచీరలో దాన్ని పట్టుకుని నిలబడితే, పిల్ల ముఖంలో కళావతి ఏం చూసిందో గానీ, వెంటనే వంటింట్లోకి వెళ్లిపోయింది.

చర్చి నిండిపోయింది. పెళ్లికొడుకు వరుణ్ ముందే వచ్చి నిలబడ్డాడు. ప్రమాణాలయ్యాయి. ఉంగరాలు మార్చుకునే వేళకి అయ్యగారు, "బొకే ఎవరికన్న ఇయ్యమ్మా" అన్నారు. పక్కనే తోడిపెళ్లికూతురు చేతులు చాపి సిద్ధంగా ఉంది. భాగ్యశ్రీ ఇటు తిరిగింది. మొదటి బెంచీలో ఉన్న తల్లి ఒళ్లో పెట్టేసింది.

కళావతి పట్టుకుంది. తడి కాడలు, బరువుగా. నీళ్లు కారి పట్టుచీర తడుస్తోంది. ఎవరో రుమాలు అందించారు, ఆవిడ చూడలేదు. ఉంగరాలు మారాయి, అయ్యగారు ప్రార్థన చేశారు, అందరూ ఆమెన్ అన్నారు. కళావతి ఏమీ వినలేదు. అంత సంతోషం ఆవిడకి అంతకు ముందు తెలియదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ పూలని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

పెళ్లయిపోయింది. కీబోర్డు మొదలైంది. దంపతులు బయటికి నడవాలి. తోడిపెళ్లికూతురు వచ్చి బొకే కోసం చెయ్యి చాపింది. కళావతి ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు, చేతులు విడవలేదంతే. కీబోర్డు పాట మళ్లీ మొదటికొచ్చింది. డానియేలు పక్కకి వంగి, "ఇయ్యవే. పిల్లలు పోవాలె" అన్నాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ సగం చర్చికి వినబడింది. నవ్వులు లేచాయి. కళావతి సిగ్గుతో చచ్చిపోయి, గబగబా ముందుకి చాపింది.

భాగ్యశ్రీ బొకే వైపు చూసింది, తల్లి వైపు చూసింది. తీసుకోలేదు.

"ఉండనియ్యి బాపు" అంది తండ్రితో. "నాకు పట్టుకోనీకి మనిషున్నడు. అమ్మను పట్టుకోని రానీ."

వరుణ్ చెయ్యి పట్టుకుని ముందుకి నడిచింది. విమలాదేవి లేచి పక్కకి జరిగి, "పా వదినా" అంటూ దారిచ్చింది. పెళ్లికూతురి వెనక, బెంచీల నడుమ, రెండు చేతుల నిండా జిన్నియాలతో కళావతి నడిచింది. అటూ ఇటూ జనం లేచి నిలబడ్డారు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.